కొవ్వు దొంగ

క్యారియర్ క్లిప్పును చప్పుడు కాకుండా లేపడం అచ్యుతరామారావుకి రెండు మూడు రోజుల్లోనే పట్టుబడింది. బొటనవేలితో అదిమిపట్టి, చూపుడువేలితో మెల్లగా పైకి లాగాలి. పైగిన్నెలో కైమా ఉండలు. కింది గిన్నెలో నేతిలో వేగిన మటన్. అన్నం మాత్రం మెతుకైనా ఉండదు. ఓ ఉండ నోట్లో వేసుకుని, మిగిలినవాటిని ఖాళీ కనపడకుండా గిన్నెలో సర్దాడు.

ఆ క్యారియర్ అబ్దుల్ రవూఫ్‌ది. పటమటలో ఇద్దరూ పనిచేసే ప్రైవేటు జూనియర్ కాలేజీలో రవూఫ్ లెక్కల లెక్చరరు, అచ్యుతరామారావు జువాలజీ. కొవ్వు గుండెకి ఎంత చేటో అచ్యుతరామారావు బోర్డు మీద బొమ్మ గీసి మరీ చెబుతాడు. చెప్పి, చేతుల సుద్ద దులుపుకుని, నేరుగా వచ్చి ఈ పని చేస్తాడు. తనలాంటి గురువు దొరకడం పిల్లల పూర్వజన్మ సుకృతమని తనే నవ్వుకుంటాడు.

అంతా 2004 వేసవి సెలవుల తర్వాత కాలేజీలో పెట్టిన హెల్త్ క్యాంపుతో మొదలైంది. ఇద్దరి పొట్టలూ చూసి డాక్టరు ఇద్దరికీ కలిపి ఒకటే చీవాట్లు పెట్టాడు. ఇలాగే ఉంటే గుండెకి ముప్పన్నాడు. ఆ మధ్యాహ్నమే స్టాఫ్‌రూమ్‌లో వాదన లేచింది.

"నూనె, నెయ్యి మానెయ్యాలండీ. లో-ఫ్యాట్! సైన్సు చెప్పేది అదే," అన్నాడు అచ్యుతరామారావు.

"సైన్సు సంగతేమో గానీ మాస్టారూ, మన కృష్ణా జిల్లా వాళ్ళని ముంచేది అన్నమేనండీ," అన్నాడు రవూఫ్. "అన్నం మానేసి మాంసం తినండి, ఎందుకు తగ్గరో చూస్తాను. దీన్నే ఇప్పుడు లో-కార్బ్ అంటున్నారు."

స్టాఫంతా రెండు పార్టీలైపోయారు. దసరా సెలవుల ముందు బరువు చూసుకోవాలి, ఓడినవాళ్ళు జన్మంతా గెలిచినవాళ్ళ పద్ధతిలోనే తినాలి. అదీ పందెం.

అచ్యుతరామారావు భార్య దుర్గాంబ భర్త మాట తు.చ. తప్పకుండా పాటించింది. ఉడకబెట్టిన సొరకాయ, ఎండు పుల్కా, నీళ్ళలాంటి మజ్జిగ. మొదటి వారం తిరిగేసరికి అచ్యుతరామారావుకి సొరకాయ కలలోకి కూడా రావడం మొదలైంది. మధ్యాహ్నం రవూఫ్ నమాజుకి మసీదుకి వెళ్ళేవాడు, మిగతావాళ్ళు క్యాంటీన్‌కి పోయేవారు. స్టాఫ్‌రూమ్‌లో మిగిలేది తనూ, ఆ క్యారియర్ వాసనా.

ఒక్క ముక్కతో లో-ఫ్యాట్ కాస్తా హై-ఫ్యాట్ అయిపోదులే అని తనకి తనే పాఠం చెప్పుకున్నాడు. ఒక్క ముక్క గుప్పెడైంది. గుప్పెడు గిన్నెడైంది. ఎంత తిన్నా మర్నాటికి గిన్నెలు ఇంకాస్త నిండుగా వచ్చేవి. లెక్కల మాస్టారై ఉండి సొంత ముక్కలు లెక్కపెట్టుకోలేడు పాపం అని జాలిపడ్డాడు.

రవూఫ్ రోజురోజుకీ సన్నబడ్డాడు. ప్రిన్సిపాల్ అందరి ముందూ పిలిచి భుజం తట్టాడు. అచ్యుతరామారావు చొక్కా గుండీలు మాత్రం ఒకటొకటే ఊడొచ్చాయి.

"గడ్డి తింటూ ఎలా ఊరుతున్నారండీ మీరు? థైరాయిడేమో!" అని దుర్గాంబ ల్యాబ్‌కి తీసుకెళ్ళింది. కైమా కోసం రక్తం కూడా ఇచ్చి వచ్చాడు అచ్యుతరామారావు.

ఓ ఆదివారం రైతుబజారు నుంచి వస్తూనే దుర్గాంబ సంచి కింద పెట్టి కూలబడింది.

"రవూఫ్ గారి భార్య నజీరా కనపడిందండీ. కళ్ళనీళ్ళు పెట్టుకుంది. 'ఎంత పెట్టి పంపినా ఊడ్చినట్టు తినేసి వస్తున్నారక్కా, ఒంటికి పట్టట్లేదు, లోపల ఏ మాయదారి రోగముందో' అంటోంది. రేపో మాపో పెద్ద డాక్టరుకి చూపిస్తుందట."

అచ్యుతరామారావు చేతిలో మజ్జిగ గ్లాసు అలాగే ఆగిపోయింది. ఇన్నాళ్ళూ పందెంలో దొంగాట ఆడుతున్నాననుకున్నాడు గానీ, తోటివాడి కడుపు మాడుస్తున్నానని తట్టలేదు. తన గుండె ఆగితే ఆగింది, రవూఫ్‌కి ఏదన్నా అయితే? నజీరా ముఖం ఎలా చూడాలి?

మర్నాడు క్యారియర్ జోలికి పోలేదు. వాసనకి వీపు తిప్పి కూర్చుని, సొరకాయ ముక్కల్ని ఒక్కొక్కటే మింగుతున్నాడు. నమాజు నుంచి వచ్చిన రవూఫ్ క్యారియర్ ఎత్తి బరువు చూశాడు. ముఖం వాడిపోయింది. తలుపు దగ్గరగా వేసి వచ్చి ఎదురుగా కూర్చున్నాడు.

"ఒంట్లో బాగాలేదా మాస్టారూ?"

"బాగానే ఉందండీ. ఏం?"

"మరి ఇవాళ నా క్యారియర్ ముట్టుకోలేదేంటండీ?"

సొరకాయ గొంతుకి అడ్డం పడింది. దగ్గి, నీళ్ళు తాగి, అచ్యుతరామారావు రెండు చేతులూ జోడించాడు. "నేనేనండీ. రోజూ నేనే తిన్నాను. మీ కడుపు కొట్టాను. చెప్పు తీసుకుని కొట్టండి."

"ఊరుకోండి, అదేం మాట!" రవూఫ్ ఆ చేతులు పట్టుకుని కిందకి దించాడు. "మొదటి రోజే తెలుసండీ నాకు. మీకోసమే ఇంకో నాలుగు ముక్కలు ఎక్కువ పెట్టించాను. వెనక్కి తీసుకెళ్తే నజీరా ఊరుకోదు, పారేద్దామంటే పాపం. ఇప్పుడు మీరు మానేస్తే నేనేమైపోవాలి?"

"మరి... మీరేం తింటున్నారండీ?"

రవూఫ్ ఓసారి తలుపు వైపు చూసి, గొంతు తగ్గించాడు.

"మసీదు పక్క హోటల్లో ఇడ్లీలండీ, తాలింపులో నూనె ఉంటుందని చట్నీ కూడా ముట్టను. ఆ రోజు పంతానికి లో-కార్బ్ అన్నాను గానీ, ఇన్నాళ్ళూ నేను చేస్తోంది మీ లో-ఫ్యాటే!"