బ్యాడ్జి దారి

“ఎన్నిసార్లు చెప్పాలయ్యా, ఈ దారిలోకి ట్యాంకర్ తేవద్దని?”

దుఖాన్ పట్నం అవతల ఎడారిలో జడ్సన్ అరుపుకు నీళ్ల ట్యాంకర్ ఆగింది. ట్యాంకర్ బరువుకు గుంతలు పడుతున్నాయని దారికి అడ్డంగా రాళ్లు పేర్చింది అతనే. ఆ దారి చివరిదాకా జీపు నడిపితే అతని జీపుల క్లబ్బు బ్యాడ్జి ఇస్తుంది.

డ్రైవర్ నాగూర్ దభాలున తలుపు తీసుకుని దిగాడు. “ఒంటెలు నీళ్లకు అల్లాడతాండాయి. నేను యా దావన పోవల్ల సార్?”

“ఎడారంతా ఉందిగా, ఎటైనా పో! ఈ దారిని కాపాడుకుంటున్నది మేం.”

“మీరా? పోయిన నెల నేను ఊరికి పోయింటి. ట్యాంకర్ తిరగలే. అప్పుడు వచ్చినారా?”

వచ్చాడు. దారంతా ఇసుక కప్పేసి, ఆనవాలు దొరక్క, బ్యాడ్జి లేకుండానే వెనుదిరిగాడు.

“నా టైర్లు తొక్కుతాంటేనే సార్ ఇది దావ. లేకుంటే వట్టి ఇసక.”

జడ్సన్ మొహంలో కోపం తగ్గలేదు. పళ్లు కొరుకుతూనే వంగి, దారికి అడ్డంగా ఉన్న మొదటి రాయి ఎత్తి పక్కకు వేశాడు.