వెదురు సైకిలు మనిషి

వాకిలి ముందు సైకిలు ఆగిన చప్పుడైతే, నూకలు చెరుగుతున్న బుచ్చమ్మ చేట పట్టుకునే బయటికి వచ్చింది.

సైకిలును చూసి ఉన్నచోటే నిలబడిపోయింది.

చక్రాలు ఇనుపవే. గొలుసూ ఇనుపదే. మధ్యలో ఉండాల్సిన గొట్టాలు మాత్రం లేవు. వాటి చోట ముంజేతి లావు వెదురు బొంగులు. అతుకుల దగ్గర నార చుట్టి లక్క పోశారు.

1949 ఎండాకాలం అది. దొరల మీద తిరగబడ్డ సంఘం వాళ్ల కోసం సైన్యం ఊరూరా గాలిస్తోంది. ఇనుప సైకిలు కంటబడితే చాలు, క్యాంపుకు పట్టుకుపోతున్నారు. అందుకని సూర్యాపేటలో మేదరివాళ్లెవరో ఇలాంటి బండ్లు కడుతున్నారని చిలుకూరులో చెప్పుకుంటుంటే బుచ్చమ్మ విన్నది. కళ్లతో చూడడం ఇదే మొదలు.

వెదురు బొంగులు, వాటికి నార కట్లు. బుచ్చమ్మ ఎరిగినంతలో మనిషిని అలాంటి దాని మీదికి ఎక్కించేది ఒక్కసారే, పాడె కట్టినప్పుడు.

"ఆగు! గాడనే ఆగు. పాడెకట్టెలేసుకొని మా వాకిట్లకొస్తవా?"

దిగినవాడికి ముప్పై ఏళ్లుంటాయి. చొక్కా చెమటకు వీపుకు అతుక్కుపోయింది. సైకిలును వీధి అవతల గోడకు ఆనించి వచ్చాడు.

"జర మంచినీళ్లియ్యవా అవ్వా?"

"లేవు."

లేకేం, కుండ నిండా ఉన్నాయి. కానీ ఆ తెల్లవారుజామునే కోడలు నర్సమ్మకు కాన్పయింది. మూడో రోజు స్నానం అయ్యేదాకా ఆ ఇంట్లోంచి నిప్పు బయటికి పోకూడదు, నీళ్లు పోకూడదు, పుట్టింది ఎవరన్న మాట అసలే పోకూడదు. బుచ్చమ్మ అత్త నాటి నుంచి వస్తున్న కట్టు అది. కిందటిసారి ఆ కట్టు తప్పినందుకే పసిగుడ్డు దక్కలేదని ఆమె నమ్మకం. ఈసారి దేవుడే దిగివచ్చి అడిగినా నోరు విప్పేది లేదు.

"నీళ్లు లేకుంటె పాయె. ఇంట్ల అందరు మంచిగున్నరా?"

"ఉన్నరు."

"కోడలు?"

బుచ్చమ్మ తలుపుకు అడ్డంగా జరిగింది. ఎవడో దారినపోయేవాడికి కోడలి ఊసెందుకు?

అప్పుడే ఇంట్లోంచి పసిబిడ్డ కేర్‌మంది.

అతని ముఖం విప్పారింది. "అయిందా కాన్పు! మొగపిల్లగాడా, ఆడపిల్లా?"

"ఎవరు పుట్టలే."

"ఏడుపు ఇనబడుతున్నది గదా."

"పక్కింట్ల."

అతను నవ్వబోయి ఆగాడు. "నా సైకిల్ సూసి గిట్లంటున్నవా అవ్వా? నీ చేతుల చేట గూడ వెదురుదే గద. పుట్టిన పిల్లను దాంట్లనే పండబెడ్తరు."

బుచ్చమ్మ చేటను గుండెకు అదుముకుంది. ఒళ్లు మండింది.

"ఎవరు నువ్వు? ఏ ఊరు నీది?"

అతను వీధి ఈ కొస నుంచి ఆ కొస దాకా చూశాడు.

"ఊరు పేరు అడుగకవ్వా. ఒక్క మాట చెప్పు, పోత."

ఇంకేముంది, వేషం వేసుకొచ్చిన క్యాంపు మనిషే. కొడుకు పిచ్చయ్య సంఘంలో చేరి అడవి పట్టి ఆరు నెలలైంది. పెళ్లాం కాన్పుకు వస్తాడని మాటు వేశారన్నమాట. తను నోరు జారితే కొడుకు ప్రాణం మీదికొస్తుంది.

"పోతవా, ఊరందర్ని పిలువాల్నా?"

అతను చేట వైపు, తలుపు వైపు ఓసారి చూసి, వెళ్లి సైకిలెక్కాడు. తొక్కుతుంటే వెదురు కిర్రుకిర్రుమంది. అతను వీధి మలుపు తిరిగాక బుచ్చమ్మ వాకిట్లో పేడనీళ్లు చల్లింది. కొడుకును కాపాడుకున్నానన్న ధీమాతో ఆ పూట కడుపునిండా తిన్నది.

వానలు పడ్డాక భద్రు వచ్చాడు. పక్క తండా వాడు, పిచ్చయ్యతోపాటే అడవికి పోయినవాడు. వచ్చి గోడవారన కూర్చున్నాడు.

"పిచ్చన్న కొడుకును సూపియ్యవ్వా."

"కొడుకేంది? ఆడపిల్ల గద."

"మొగపిల్లగాడని ఇన్నమే?"

"ఎవరు చెప్పిండ్రు?"

"వెదురు సైకిల్ మీద వచ్చిపోయినాయన."

భద్రు తల వంచుకుని మెల్లగా చెప్పాడు.

"పాలకీడు కాడ పిచ్చన్నకు తూటా తగిలిందవ్వా. రెండొద్దులు చెలకల దాపెట్టినం గని దక్కలే. కాన్పు అయిందో లేదో తెలుసుకోని రమ్మని ఒక్కటే కలవరింత. గందుకే ఆయన్ని తోలిచ్చినం."

బుచ్చమ్మ కుప్పకూలి ఏడ్చింది. నర్సమ్మ బిడ్డను ఎత్తుకుని వచ్చి ఆమె పక్కనే కూలబడింది. చాలాసేపు ఎవరూ ఎవర్నీ ఓదార్చలేకపోయారు.

"ఆయన నా కొడుకు పేరు చెప్పకపాయె, భద్రూ. ఒక్కసారి పేరన్న చెప్పకపాయె."

"ఇంటోళ్లు పేరెత్తేదాక మేం ఎత్తొద్దు. గది మా కట్టు."

"ఆయన ఏడున్నడు? నేను పోయి కాళ్లు పట్టుకుంట."

"మల్ల వారమే మిర్యాలగూడ బాటల కాల్చేసిండ్రవ్వా."

బుచ్చమ్మ చెంగు నోట్లో కుక్కుకుంది. తను ఆ మనిషికి చేసిన మర్యాద భద్రుకు తెలిసే ఉంటుందని తల ఎత్తలేకపోయింది.

భద్రు మాత్రం ఆమె చేతులు రెండూ పట్టుకుని కళ్లకద్దుకున్నాడు.

"'మీ అవ్వ నాకు చల్ల పోసి, మనవణ్ణి తెచ్చి నా ఒళ్లె పండబెట్టింది, అచ్చం నీ పోలికే' అని ఆయన చెప్తుంటె, ఇనుకుంటనే పిచ్చన్న పాణం ఇడిసిండవ్వా."