పారిపోవడానికో ఇంగ్లీషు మాట

"వాడొచ్చేలోగా రాసెయ్యప్పా," అంది గంగులమ్మ.

ఆమె కొడుకు పుల్లన్న స్టాంపు కొనడానికి పెనుకొండ కచేరి లోపలికి పోయాడు. పోతూ పోతూ, పెండ్లాం సిద్ధమ్మ గంగులమ్మ బంగారు కమ్మలెత్తుకుని పారిపోయిందనీ, పోలీసులు పట్టి తేవాలనీ రాయమని కచేరి ముందు అర్జీలు రాసే తిప్పేస్వామికి చెప్పిపోయాడు.

తిప్పేస్వామి టైపు మిషన్లో కాగితం ఎక్కించాడు. అది యాభై ఎనిమిదో సంవత్సరం. అర్జీ అంటే ఇంగ్లీషే. ఆ ఇంగ్లీషు తాలూకా మొత్తానికి తనొక్కడికే వచ్చని ఆయనకు మహా గీర.

"పారిపోయిందంటే చాలదమ్మా. ఇంగ్లీషులో ఒక్కో తీరుకి ఒక్కో మాట. ఎవనితోనన్నా లేచిపోయిందా? అది ఎలోప్."

"ఛీ! అదేం మాటప్పా?"

"అయితే అబ్‌స్కాండ్. దొంగతనం చేసి దాక్కునేవాళ్ళకి."

"ఆ మాటకి పోలీసోళ్ళు వెతుకుతారా?"

"వెతక్క? బెంగుళూరు దాకా పోతారు."

గంగులమ్మ చెవుల మీదికి కొంగు లాక్కుంది. కమ్మలుండాల్సిన చోట వేపపుల్లలున్నాయి.

"ఆ మాటొద్దు. కమ్మల ఊసే రాయొద్దు. ఇంకోటి చెప్పు."

"కాపురం వదిలేసిపోతే డెసర్ట్. పిలిపించి మళ్ళీ మొగుని కాడికే తోల్తారు."

"అదీ వద్దు. ఇంకేం లేవా?"

"ఎస్కేప్ ఉండాది. చంపేవాళ్ళ చేతుల్లోంచి ప్రాణం దక్కించుకుని పోతే అంటారు. అది మనకెందుకులే."

"అదే రాయప్పా. నిండు చూలాలిని రోకలితో కొట్నాడు వాడు."

తిప్పేస్వామి చేతులు మిషను మీదే ఆగిపోయాయి. "అట్ల రాస్తే నీ కొడుకునే స్టేషనుకు పిలుస్తారమ్మా!"

"పిలవనీ." తల పక్కకు తిప్పుకుంది. కన్నకొడుకు కదా మరి.

మిషను టకటకలాడింది. పుల్లన్న వచ్చి, తనకు రాని ఇంగ్లీషు కింద సంతకం పెట్టి, స్టాంపు అంటించుకుని, అర్జీ ఇవ్వడానికి లోపలికి పోయాడు.

తిప్పేస్వామి ఉండబట్టలేకపోయాడు.

"కొట్నాడనుకో, కోడలిమీద జాలే అనుకో. ఉన్న ఒక్క బంగారమూ ఎత్తుకుపోయిన దొంగ కదమ్మా! దాన్ని కాపాడేకి కొడుకును ఇరికించుకుంటావా?"

గంగులమ్మ కచేరి గుమ్మం వైపు ఒకసారి చూసి, గొంతు తగ్గించింది.

"ఆ కమ్మలు దాని చేతిలో పెట్టి, రైలెక్కిచ్చింది నేనేప్పా."