లేదన్న కాగితం

“లేదట. ఇదిగో, లేదనే ఉంది,” అంటూ తోటమాలి రిపోర్టును మడిచి జేబులో పెట్టుకున్నాడు. పిడుదు కాటుతో వచ్చే లైమ్ జబ్బు లేదంటే రేపే నిచ్చెన ఎక్కవచ్చు. పార్కులో కంచె మొక్కలు అప్పుడే జుట్టు విరబోసుకుని కూర్చున్నాయి.

“పొదల్లో పిడుదు కరిచి పది రోజులు. మూడు రోజులుగా ఒళ్ళు పెనంలా కాలుతోంది. లేకపోవడమేంటి?” అంది భార్య.

“మిషనుకంటే నీకు ఎక్కువ తెలుసా?”

ఆసుపత్రి వరండాలో, అదే బల్ల చివర స్వెట్టరు కప్పుకుని టీ తాగుతున్న పెద్దావిడ ఇటు జరిగింది.

“కరిచినచోట మచ్చేమైనా వచ్చిందా నాయనా?”

తోటమాలి దగ్గాడు.

“వచ్చింది పెద్దమ్మా, అరచేయంత, ఎర్రగా. డాక్టరమ్మకు చూపించమంటే సిగ్గట,” అంది భార్య.

“ఎక్కడ కరిచిందో నీకు తెలుసు కదే,” అని గొణిగాడతను.

పెద్దావిడ నవ్వాపుకుంది. “ఆ పరీక్ష జబ్బు క్రిమిని వెతకదు నాయనా. క్రిమి మీదికి నీ ఒళ్ళు పంపే సైన్యాన్ని వెతుకుతుంది. ఆ సైన్యం పోగవడానికి వారాలు పడుతుంది. పది రోజులకే తొంగిచూస్తే ఎవరు కనబడతారు?”

“అయితే కాగితం అబద్ధమా?”

“అబద్ధం కాదు, తొందర. దాన్ని నమ్మి ఇంటికెళ్ళావా, కొన్నాళ్ళకు మోకాళ్ళు వాస్తాయి. నిచ్చెన మాట దేవుడెరుగు, మంచం దిగడమే గగనమవుతుంది.”

“మరి ల్యాబువాళ్ళకు ఇదంతా తెలియదా?” అంది భార్య.

“తెలుసమ్మా. ఆ కాగితం మీద ఇంత మాటకు చోటుండదు.”

ఆవిడ టీ పక్కన పెట్టి, తప్పిపోయిన పిల్లాణ్ణి పట్టుకొచ్చినట్టు అతన్ని డాక్టరు గదికి నడిపించి, తాను గుమ్మం దగ్గరే ఆగింది. తోటమాలి తెర వెనక్కి వెళ్ళి, కళ్ళు మూసుకుని, మచ్చ చూపించాడు.

“మచ్చ రాగానే చూపిస్తే రక్తంతో పనేముందయ్యా? ఈ మచ్చే చాలు,” అని డాక్టరమ్మ మూడు వారాల మాత్రలు రాసింది. “బాగా తొందరగానే దొరికింది. భయం లేదు.”

ఊపిరి పీల్చుకున్న తోటమాలికి ఇప్పుడు కోపమొచ్చింది. “ఆ ల్యాబువాళ్ళని నాలుగు దులపండి డాక్టరమ్మా. ఈ పెద్దమ్మ అడ్డుపడకపోతే నా గతేంటి?”

డాక్టరమ్మ గుమ్మం వైపు చూసి నవ్వింది.

“ఆ రిపోర్టు మీద సంతకం ఈవిడదేనయ్యా.”