మోకాళ్ళ మొక్కు

అర్గీరిస్ గట్టిగా హారన్ కొట్టాడు.

ముందున్న ముసలావిడ కదల్లేదు. కాదు, కదులుతోంది. ఆ వేగానికి వెనక నత్త ఉన్నా హారన్ కొట్టేది.

మెల్‌బోర్న్‌లో ఆగస్టు చలి, పైన సన్నటి వాన. ఆవిడ మోకాళ్ళ మీద రోడ్డు దాటుతోంది, అవతల చర్చి మెట్లదాకా.

మరియ తల్లి పండగనాడు గ్రీకు ముసలమ్మలు ఇలా మొక్కు తీర్చుకోవడం కొత్తేం కాదు. కాకపోతే మిగతావాళ్ళు చర్చి ఆవరణలో మొదలుపెడతారు. ఈవిడ తన ఇంటి గుమ్మం దగ్గరే మొదలుపెట్టింది.

వెనక ఊరేగింపు జనం. పక్కన పోలీసులు కట్టిన తాడు. అర్గీరిస్ చేపల వ్యాన్‌కి ఎటూ దారి లేదు. అందులో స్థిమితంగా ఉన్నది చేపలొక్కటే.

అతను దిగాడు.

"మామ్మా, కాస్త లేచి నడవరాదూ?"

"నడిస్తే చెల్లదు నాయనా."

"ఎవరూ చూట్టంలేదు. ఆ తల్లికి నేనైతే చెప్పను."

"నువ్వు చెప్పక్కర్లేదు. నీ హారన్ ఆవిడకి వినపడే ఉంటుంది."

పక్కనే గొడుగు పట్టుకున్న కోడలు అతని వంక చూడను కూడా లేదు.

"ఇది గ్రీసులో మన ద్వీపం కాదు మామ్మా. ఇక్కడ ఆగస్టంటే చలికాలం. మంచం మీద నుంచి మొక్కినా చెల్లుతుంది."

"ఓడ దిగి యాభై ఏళ్ళైంది. ఈ చలి నాకు కొత్తా?"

"ఇంతకీ ఏం మొక్కావు? లాటరీనా?"

"ఓ బిడ్డ కోసం."

"ఈ వయసులోనా?"

ఆవిడ నవ్వలేదు. ఇంకో జానెడు జరిగింది.

అర్గీరిస్ గొంతు మారింది.

"దణ్ణం పెడతా మామ్మా. అవతల నా కూతురికి గుండె ఆపరేషన్. పదింటికి లోపలికి తీసుకెళ్తారు. మత్తిచ్చేలోపు కనపడతానని దానికి మాటిచ్చాను."

ఆవిడ ఆగింది.

"పిల్ల పేరు?"

"ఫోటినీ. పేరుతో నీకేం పని, పక్కకి జరుగు చాలు."

ముసలావిడ కోడలి వంక చూసింది. కోడలు తల దించుకుంది.

"అయితే నేను అస్సలు లేవకూడదు," అని ఈసారి గబగబా పాకింది. గబగబా అంటే, ఇప్పుడు నత్తతో సమానంగా.

అతను ఆస్పత్రి చేరేసరికి ఆపరేషన్ గది తలుపులు మూసేశారు. బయట బల్ల మీద భార్య దెస్పీనా కూర్చుని ఉంది.

"నాన్నేడీ అని అడిగింది," అంది. అంతే.

సాయంత్రం దాకా అర్గీరిస్ ఆ వరండాలో కూర్చోలేదు. అటూ ఇటూ తిరిగి నేలని ఎంత అరగదీశాడంటే, కింది అంతస్తువాళ్ళు తలలు జాగ్రత్త చేసుకోవాల్సి వచ్చింది.

చీకటిపడే వేళకి డాక్టరు బయటకొచ్చి నవ్వింది.

ఫోటినీ బతికింది. కొన్నాళ్ళకి ఇంటికొచ్చి, రాగానే పిల్లిని తరిమింది.

దాంతో అర్గీరిస్ కోపం కాస్తా కథగా మారింది. కాఫీ కొట్టులో మొదటిసారి చెప్పినప్పుడు ముసలావిడ అతన్ని పావుగంట ఆపింది. తర్వాత గంట ఆపింది. సెప్టెంబరు చివరికి ఆవిడ వెనక్కి పాకుతోంది.

అక్టోబరులో ఓ ఆదివారం దెస్పీనా అతన్ని చర్చికి లాక్కెళ్ళింది.

"పిల్లని నిలబెట్టిన తల్లికి ఒక్క కొవ్వొత్తైనా వెలిగించవా?"

ఆ రోజు అక్కడ ఎవరో పోయిన నలభయ్యో రోజు ప్రార్థన. పంచదార కలిపిన ఉడకబెట్టిన గోధుమల పళ్ళెం, పక్కన ఆ మోకాళ్ళ ముసలావిడ ఫోటో.

అర్గీరిస్ భార్యని మోచేత్తో పొడిచాడు.

"ఇదుగో, మన నత్త."

దెస్పీనా నవ్వలేదు. గోధుమల పొట్లాలు పంచుతున్న కోడలి దగ్గరికి వెళ్ళింది.

"మరూలా! మీ అత్తగారా? అయ్యో, ఆస్పత్రిలో రోజూ మా ఫోటినీ నుదుట కూడా చర్చి దీపం నూనె పూసేదే."

తర్వాత మొగుడి వైపు తిరిగింది.

"పక్క మంచం బాబు వాళ్ళమ్మ. నువ్వు పని ముగించుకుని వచ్చేసరికి తెర వేసేసేవాళ్ళు, చూసుండవు." మళ్ళీ మరూలాని అడిగింది, "స్తాథిస్ ఎలా ఉన్నాడు? మంచం ఖాళీ అయితే ఇంటికి పంపేశారనుకున్నా."

"పండగకి ముందు సోమవారం పోయాడు."

దెస్పీనా నోటికి చెయ్యి అడ్డుపెట్టుకుంది.

అర్గీరిస్ ఆగలేకపోయాడు.

"మరి ఆ రోజు మామ్మ ఎవరి కోసం పాకింది?"

మరూలా అతని చేతిలో ఓ పొట్లం పెట్టింది.

"మొక్కింది మావాడి కోసమే. వాడు పోయాక వద్దన్నాం. 'ఆ తల్లికిస్తానన్న మోకాళ్ళు ఇవ్వాల్సిందే, మనవడికి ఇక అక్కర్లేదు కాబట్టి పక్క మంచం పిల్లకి పనికొస్తాయి' అంది."