దిగేవాడి మాట

సరిగ్గా రేసు ట్రాకు గేటు ముందే కొరియర్ కుర్రాడి బండి మొరాయించింది.

మూడేళ్ళుగా ఊరంతా పార్సిళ్ళు పంచిన బండి. ఈ ఒక్కరోజు ఓపిక పట్టలేకపోయింది.

అతనికి ఏడుపొక్కటే తక్కువ. ఒకే బండిని ఇద్దరు రైడర్లు వంతులేసుకుని నడిపే ఆరు గంటల పందెం. ఒక జట్టువాళ్ళు దానికి రెండో రైడర్ కోసం చూస్తున్నారు. ఈరోజు ఇక్కడ రెండు నిమిషాల లోపు ఒక రౌండు తిరిగినవాడికి అవకాశం.

"నా బండి తీసుకో తమ్ముడూ," అన్నాడొకాయన.

నలభై అయిదేళ్ళుంటాయి. బట్టతల. పాత జాకెట్టుకు మోచేతి దగ్గర అతుకు.

"మరి మీరెలా అన్నా?"

"ఇరవై నిమిషాలు నేను, ఇరవై నిమిషాలు నువ్వు. ఒకటే షరతు. దిగేవాడు బండి ఎలా ఉందో ఎక్కేవాడికి చెప్పాలి. ఉన్నదున్నట్టు."

"అదెంత పని," అన్నాడు కుర్రాడు.

ముందు ఆయన వెళ్ళాడు. పెళ్ళికి వెళ్ళొచ్చినంత తీరిగ్గా తిరిగి వచ్చాడు.

"నాలుగో మలుపులో కాస్త ఇసుక ఉంది. లోపలి వైపు పోకు," అన్నాడు దిగుతూనే.

కుర్రాడు వెళ్ళాడు. రెండు నిమిషాల మూడు సెకన్లు.

"మూడో గేరు కాస్త పట్టేస్తోందన్నా. నేనే గట్టిగా తొక్కానేమో," అన్నాడు దిగి.

ఆయన నవ్వాడు. "నీ తప్పు కూడా కలిపి చెప్పావే. మంచిది."

మధ్యాహ్నం షెడ్డు నీడలో కూర్చున్నప్పుడు ఆయనే అడిగాడు. "రెండో రైడర్ అంటున్నావు. మొదటివాడెవరో తెలుసా?"

"ఎవరైతే నాకేంటన్నా. నాకు కావలసింది రెండు నిమిషాలు."

"అదీ నిజమే," అంటూ ఆయన లేచి ఎటో వెళ్ళొచ్చాడు.

ఆయన వంతు అయ్యాక కుర్రాడు మళ్ళీ ఎక్కాడు. ఈసారి రెండు నిమిషాల ఒక్క సెకను.

ఆ వంతు చివరి రౌండులో ముందు చక్రం బ్రేకు మెత్తబడింది. నొక్కిన కొద్దీ లివరు లోపలికి పోతోంది.

చెబితే బండి పక్కన పెట్టేస్తారు. తన ఆఖరి వంతు పోతుంది. కావలసింది ఒక్క సెకను.

"ఎలా ఉంది?" అడిగాడు ఆయన.

"బాగానే ఉందన్నా."

"నీతో ఒక మాట చెప్పాలి తమ్ముడూ. మంచి మాటే."

కుర్రాడు ఆయన మొహం చూడలేక గ్లోవ్స్ విప్పుకుంటూ నిలబడ్డాడు. "వచ్చాక చెబుదురు గానీ. టైమవుతోంది."

"సరే, వచ్చాకే."

నెమ్మదిగా పోయే మనిషి, ఏం కాదులే అనుకున్నాడు కుర్రాడు. తనకు తాను సర్దిచెప్పుకోవడంలో ప్రతివాడూ ఘనుడే.

కానీ ఈసారి ఆయన నెమ్మదిగా పోలేదు. రెండో రౌండుకే టైము బోర్డు మీద ఒక నిమిషం యాభై రెండు సెకన్లు పడింది. కుర్రాడు నోరు తెరుచుకుని చూశాడు. ఆపమని చెయ్యెత్తబోయాడు కూడా.

అప్పటికే నాలుగో మలుపులో దుమ్ము లేచింది.

స్ట్రెచర్ మీద ఆయన విరిగిన భుజం పట్టుకుని ఉన్నాడు. కుర్రాణ్ణి చూసి దగ్గరికి పిలిచాడు.

"బ్రేకు అందలేదు. నయం, నువ్వు ఎక్కకముందే తెలిసింది."

కుర్రాడు సిగ్గుతో చచ్చిపోయాడు.

అంబులెన్సు వెళ్ళిన కాసేపటికి జట్టు యజమానురాలు అతన్ని వెతుక్కుంటూ వచ్చింది.

"కొరియర్ అబ్బాయివి నువ్వేనా?"

"నేనేనండీ. ఒక్క సెకనే తేడా. ఇంకో వంతు దొరికుంటే..."

"టైముదేముంది? మధ్యాహ్నమే నిన్ను ఖాయం చేశాం. 'ఆ సెకన్లు తగ్గించడం నేను నేర్పిస్తాను. ఉన్నదున్నట్టు చెబుతాడు, నాకు ఈ అబ్బాయే కావాలి' అని మా మొదటి రైడరు పట్టుబట్టాడు. నీకు చెప్పలేదా?"

"చెప్పబోయారండీ," అన్నాడు కుర్రాడు.

"ఇక చెప్పి ఏం లాభంలే. పందెం వచ్చే ఆదివారమే, అతని భుజమేమో విరిగింది," అంటూ ఆమె అంబులెన్సు వెళ్ళిన దారి వైపు చూసింది.