పన్ను ఊడేదాకా కథ

"అరె, మీరూ ఇదే చదువుతున్నారా!"

టైలరు ఒళ్లోని పుస్తకం చూసి పళ్ల డాక్టరమ్మ ముఖం వెలిగిపోయింది. అట్ట మీద నిప్పులు కక్కుతున్న డ్రాగన్.

"ఆఁ," అన్నాడు టైలరు. నోట్లో దూదీ పట్టకారూ ఉండటంతో అంతకుమించి మాట పెగల్లేదు. అసలే పళ్ల డాక్టరంటే హడల్ అతనికి.

"చివర్లో డ్రాగన్ చచ్చిపోతుంది చూడండీ, నాకు ఏడుపు ఆగలేదు!"

టైలరు కుర్చీలోంచి లేవబోయాడు. తను ఇంకా సగంలోనే ఉన్నాడు మరి! వద్దు వద్దని చేతులూపాడు.

"నొప్పా? ఓర్చుకోండి, అయిపోవచ్చింది. ఇంతకీ చంపిందెవరనుకున్నారు? గుడ్డులోంచి వచ్చినప్పట్నుంచీ పెంచిన రాకుమారే!"

టైలరు కళ్లలోంచి బొటబొటా నీళ్లు కారాయి. పన్ను ఊడొచ్చింది.

నోరు ఖాళీ కాగానే విరుచుకుపడ్డాడు. "నొప్పీ లేదు, గిప్పీ లేదు! నేనింకా సగంలోనే ఉన్నాను, కథంతా చెప్పేశారు కదండీ! ఇంక నేనేం చదవను?"

డాక్టరమ్మ నాలుక్కరుచుకుంది. "నేనూ సగంలోనే ఉన్నానండీ. మిగతాదంతా నా అల్లికే. పేషెంట్లు భయపడకుండా, పన్ను ఊడేదాకా ఏదో ఒకటి చెబుతుంటాను."

టైలరు కాసేపు గుర్రుగా చూశాడు. తర్వాత మెల్లగా కుర్చీలో వెనక్కి వాలాడు.

"ఈ పక్క పన్ను కూడా కాస్త చూడండి," అన్నాడు నోరు తెరవబోతూ. "డ్రాగన్ని మాత్రం బతికించాలి."